ఈ తలనొప్పి పైపుదా, నాదా?

నా కుడి చెవి వెనక, కాస్త పైన, జుట్టు కింద ఒక బుడిపె ఉంది. చింతగింజ కన్నా కొంచెం పెద్దది. అది వాల్వు. దాన్నుంచి ఒక సన్నటి సిలికాన్ పైపు మెదడు లోపలికి వెళుతుంది. ఇంకొకటి చర్మం కిందుగా మెడ, ఛాతీ దాటుకుని కడుపులోకి దిగుతుంది. బయటికి ఏమీ కనబడదు. మెడ ఎడమకు తిప్పినప్పుడు మాత్రం కుడిపక్క చర్మం కింద ఒక గీత లేస్తుంది. డాక్టర్ల భాషలో ఇది వీపీ షంట్. మా ఇంట్లో, వీధిలో, బడిలో అందరికీ "పైపు". నేనూ అలాగే అంటాను.

"పైపు వేసినారు గదా, ఇంకా తలనొప్పి ఏంది?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. చాలాకాలం నా దగ్గరా దీనికి జవాబు లేదు. తలలో నీరు చేరి నొప్పి వచ్చింది, నీరు పోవడానికి దారి పెట్టారు, కాబట్టి నొప్పి పోవాలి అనే అనుకున్నాను. అలా జరగలేదు. పైపు ఉన్నవాళ్ళకు వచ్చే తలనొప్పుల్లో చాలా రకాలున్నాయి. కొన్ని పైపు వల్ల వచ్చేవి, కొన్ని పైపుతో ఏ సంబంధమూ లేనివి. అన్నింటిలోకీ ఒక్కదానికే ఆసుపత్రికి పరుగెత్తాలి. మిగతావాటితో ఇంట్లోనే వేగాలి. ఏది ఏదో గుర్తుపట్టడం నాకు ఎలా అలవాటైందో రాస్తున్నాను.

నేను చంద్రగిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. కాపురం తిరుపతి బైరాగిపట్టెడలో. పుట్టిల్లు చిత్తూరు పక్కన పల్లె. జబ్బు మొదలైనప్పుడు మా పాప ఇంకా బడికి కూడా పోవడం లేదు. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, తలనొప్పి, అన్నం సహించకపోవడం. ఒక క్లినిక్‌లో టైఫాయిడ్ అన్నారు, ఇంకోచోట సైనస్ అన్నారు. మాత్రలు మారుతున్నాయి, వారాలు గడుస్తున్నాయి, నొప్పి అలాగే ఉంది. తర్వాత వాంతులు మొదలయ్యాయి. ఒకరోజు బోర్డు మీద నేను గీసిన ఒక్క గీత రెండు గీతలుగా కనిపించింది. అప్పటికిగానీ స్కాన్ దాకా పోలేదు. నడుము దగ్గర సూది వేసి వెన్నునీరు తీశారు. మెదడు పొరలకు టీబీ అని తేలింది. నాకు ఒక్కరోజు కూడా దగ్గు లేదు. టీబీ అంటే దగ్గే అని మనవాళ్ళందరి నమ్మకం కదా, మా అత్త చాలారోజులు రిపోర్టు తప్పని వాదించింది.

మెదడు లోపల గదులుంటాయి. వాటిలో రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల ద్రవం ఊరుతుంది. కానీ పెద్దవాళ్ళలో ఏ సమయంలోనైనా తలలో, వెన్నులో కలిపి ఉండేది 150 మిల్లీలీటర్ల దగ్గరే. అంటే రోజుకు మూడు నాలుగుసార్లు పాతది రక్తంలోకి పోయి కొత్తది చేరుతూ ఉంటుంది. టీబీ వచ్చినప్పుడు మెదడు అడుగున చిక్కటి జిగురులాంటి పదార్థం పేరుకుని ఆ దారులు మూసుకుపోతాయి. ఊరేది ఊరుతూనే ఉంటుంది, పోయేది ఆగిపోతుంది. మస్తిష్క మేరుద్రవం అని పిల్లల చేత ఎన్ని ఏళ్ళు బట్టీ పట్టించానో! ఆసుపత్రి మంచం మీద పడుకుని సర్జన్ గారి నోట అదే పాఠం నేను విన్నాను.

మా నాయన "వేలూరికి పోదాం" అని పట్టుబట్టాడు. చిత్తూరోళ్ళకు పెద్ద జబ్బంటే వేలూరే. ఆయన్నీ తప్పు పట్టలేం. మన దేశంలో మెదడు ఆపరేషన్లకు మొదటి విభాగం 1949లో డాక్టర్ జేకబ్ చాండీ మొదలుపెట్టింది అక్కడి సీఎంసీ ఆసుపత్రిలోనే. సర్జన్ గారు ఓపిగ్గా విని, "మీరు చెప్పింది నిజమే పెద్దాయనా, కానీ మీ అమ్మాయికి ఇప్పుడు దారిలో స్పృహ తప్పితే కష్టం. రేపు పొద్దున్నే ఇక్కడే చేసేస్తాం" అన్నారు. నాయన ఇంకేం మాట్లాడలేదు, సంతకం పెట్టేశాడు. ఈ మాటలన్నీ తర్వాత విన్నవే. నాకు ఆ రెండు మూడు రోజులు ఏమీ గుర్తులేవు.

కళ్ళు తెరిచాక గుర్తున్న మొదటి సంగతి, తలనొప్పి లేకపోవడం. కుట్ల దగ్గర మంట, కడుపు మీద కోత, మెడంతా పట్టేసింది. అయినా ఆ పాత నొప్పి లేదు. ఏడాది పాటు టీబీ మందులు, మొదట్లో స్టెరాయిడ్లు. ముఖం ఉబ్బింది, మూత్రం నారింజ రంగులో వచ్చేది. సగం తలకు గొరిగేశారు కాబట్టి స్కార్ఫ్ కట్టుకుని తిరిగాను. కానీ తల తేలిగ్గా ఉండేది. అందుకే నొప్పి మళ్ళీ వచ్చినప్పుడు అంత భయపడ్డాను.

మొదటిసారి తిరిగి వచ్చింది మామూలు తలనొప్పే. పొద్దున ఏమీ తినకుండా ఎండలో బస్సు కోసం నిలబడ్డాను, మధ్యాహ్నానికి కణతలు పోటు. ఇంకెవరికైనా అయితే ఒక కాఫీతో పోయేది. మా ఇంట్లో మాత్రం అది యుద్ధం. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేశాడు, అత్త పాపను పక్కింట్లో దించింది, ఆటోలో క్యాజువాలిటీకి పోయాం. సీటీ తీశారు, అంతా బాగుందన్నారు. మరికొన్నాళ్ళకు మళ్ళీ ఇదే తంతు. తలనొప్పి, భయం, ఆటో, సీటీ, "ఏం లేదు, ఇంటికెళ్ళండి". సీటీ ఊరికే తీసేది కాదు, ప్రతిసారీ రేడియేషన్ ఉంటుంది. పైగా "ఏం లేదు" అన్నమాట విన్నాక నొప్పి తగ్గదు. నొప్పితోనే ఇంటికి రావాలి. దారిలో మా ఆయన ముఖం చూడాలంటే నాకు సిగ్గేసేది, ఏదో అబద్ధం చెప్పి దొరికిపోయినట్టు.

తర్వాత నిజంగానే బ్లాక్ అయింది. అప్పుడుగానీ తేడా తెలియలేదు.

ఆ నొప్పి తెల్లవారుజామున లేపింది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం. దగ్గినా, వంగినా తల పగిలిపోయేది. రెండు రోజులు పొద్దున్నే వాంతులు, వాటితో పాటు కడుపులో నొప్పి. మేం వెళ్ళిన చోట డ్యూటీలో ఉన్నాయన గ్యాస్ట్రిక్ అని ఇంజెక్షన్ చేసి పంపేశాడు. షంట్ ఉందని చెప్పాం, చీటీలో రాసుకున్నాడు కూడా. వాంతులు, కడుపునొప్పి అనగానే ఆయన తల సంగతి వదిలేసినట్టున్నాడు. కడుపులోనే కదా పైపు రెండో కొస ఉండేది!

మా ఆయన గమనించింది ఇంకోటి. నేను మత్తుగా ఉన్నాను. మామూలుగా నొప్పి వస్తే విసుక్కుంటాను, లైటు తియ్యమంటాను, పాప అరిస్తే కసురుతాను. ఆ రోజు ఏమీ అనలేదు. పాప నా మీద ఎక్కి ఆడుతుంటే అలాగే పడుకున్నానట. "మే, ఈ రోజు ఏం వారం?" అని అడిగితే ఆలోచించి తప్పు చెప్పానట. ఆయన ఇక ఆగలేదు, ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే నేరుగా తీసుకుపోయాడు. పాత సీటీ, కొత్త సీటీ పక్కపక్కన పెడితే గదులు ఉబ్బి ఉన్నాయి. పైపు ఎక్కడైనా తెగిందా, జారిందా అని తల నుంచి కడుపు దాకా వరసగా ఎక్స్‌రేలు తీశారు. తెగలేదు. కడుపులో కొస మూసుకుపోయింది. రివిజన్, అంటే మళ్ళీ ఆపరేషన్ చేసి కింది పైపు మార్చారు.

అప్పట్నుంచి మా ఇంట్లో రూలు అదే. నొప్పి ఎంతుందని ఎవరూ అడగరు. మత్తుగా ఉందా, పడుకుంటే పెరుగుతోందా, వాంతులున్నాయా, చూపు మసకేసిందా, జ్వరముందా, పైపు దారిలో ఎక్కడైనా ఎర్రబడిందా, ఇవి చూస్తారు. వీటిలో ఏదున్నా ఆలస్యం లేదు, బయల్దేరడమే. మత్తు ఉంటే నేను వద్దన్నా నా మాట లెక్కలోకి రాదు, ఎందుకంటే అప్పుడు మాట్లాడేది నేను కాదని మా ఆయన అంటాడు. ఇంకొకటి, కళ్ళ డాక్టర్ లోపల చూసి నరం వాపు లేదన్నంత మాత్రాన బ్లాక్ లేదని చెప్పడానికి లేదు. పైపు ఉన్నవాళ్ళలో ఆ వాపు రాకుండానే ప్రెషర్ పెరగొచ్చని సర్జన్ గారే చెప్పారు.

ఈ పైపులు మూసుకుపోవడం అరుదేమీ కాదు. పిల్లలకు వేసిన వాటిలో దాదాపు సగం మొదటి రెండేళ్ళలోనే ఏదో ఒక తంటా పెడతాయని డాక్టర్లే అంటారు. మొదట వినగానే గుండె జారింది. తర్వాత ఈ వాల్వు కథ చదివాక కాస్త ఓర్పు వచ్చింది. అమెరికాలో ఒక తాళాల కంపెనీలో పనిచేసే జాన్ హోల్టర్ అనే మెకానిక్‌కు తలలో నీరు చేరే కొడుకు పుట్టాడు. సర్జన్ యూజీన్ స్పిట్జ్ కష్టాలు విని, ద్రవాన్ని ఒకవైపే పోనిచ్చే సిలికాన్ వాల్వు తన చేతులతో తయారుచేశాడు. 1956లో అది మనుషులకు పెట్టడం మొదలైంది. అంతకుముందు ఈ జబ్బుతో పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి దారే లేదు. ఈ కథ పదో తరగతి పిల్లలకు చెబితే వెనక బెంచీలో ఒకడు "అయితే మీ తలకాయలో తాళం ఉంది టీచర్" అన్నాడు. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను.

రివిజన్ తర్వాత కొత్త గొడవ. ఈసారి నొప్పి తిరగబడింది. పొద్దున లేచేటప్పటికి ఏమీ ఉండదు. మూడు పీరియడ్లు నిలబడి చెప్పేసరికి తల వెనక భాగం లాగడం మొదలు, మధ్యాహ్నానికి కళ్ళు తెరవలేను. స్టాఫ్ రూంలో బెంచీ మీద నడుం వాలిస్తే పది పదిహేను నిమిషాల్లో తగ్గిపోతుంది. లేచి నిలబడితే మళ్ళీ మొదలు. తోటి టీచర్లు పైకి ఏమీ అనలేదు గానీ, క్లాసులప్పుడు నొప్పి, పడుకుంటే మాయం అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకే వచ్చింది, నేను పని ఎగ్గొట్టడానికి చూస్తున్నానా అని.

సర్జన్ గారు మాత్రం మొదటి మాటకే పట్టేశారు. ద్రవం ఎక్కువగా కారిపోతోంది. ఇది సైఫన్ పాఠమే. బకెట్ పైన పెట్టి, పైపు కింద వదిలితే నీళ్ళు ఎందుకు దిగుతాయో నేను బడిలో చేసి చూపించేదాన్ని. నా పైపుకు పై కొస తలలో, కింది కొస కడుపులో. పడుకున్నప్పుడు రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. నిలబడితే కింది కొస రెండడుగులు దిగిపోతుంది, దాంతో లాగుడు పెరుగుతుంది. స్కాన్‌లో గదులు చీలికల్లా సన్నబడి ఉన్నాయి. నాది ఒకే ప్రెషర్‌కు బిగించిన రకం, బయటి నుంచి మార్చలేరు. అయస్కాంతంతో పైనుంచే ప్రెషర్ మార్చుకునే వాల్వులున్నాయి, సైఫన్ లాగుడును అడ్డుకునే భాగం ఉన్నవీ ఉన్నాయి. వాటి ధర చాలా ఎక్కువ. అవి పెట్టాలంటే మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి, ప్రతి ఆపరేషన్‌కూ ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. "పని చేస్తున్న పైపును ఊరికే కదిలించొద్దమ్మా. కొన్ని వారాలు చూద్దాం, శరీరం సర్దుకోవచ్చు. కాకపోతే అప్పుడు మారుద్దాం" అన్నారు.

సర్దుకుంది, పూర్తిగా కాదు. హెడ్మాస్టర్ గారితో మాట్లాడి వరస పీరియడ్ల మధ్య ఒకటి ఖాళీ పెట్టించుకున్నాను. ఆయన మంచివాడు, "టైం టేబుల్ దేముందమ్మా, పేపరే గదా" అన్నాడు. క్లాసులో స్టూలు వేసుకున్నాను. మంచం మీంచి ఒక్కసారిగా లేవకుండా కాసేపు కూర్చుని లేస్తాను. నీళ్ళు తాగడం బద్ధకించను. కాఫీ ఈ రకం నొప్పికి నిజంగానే పనిచేస్తుంది. పొద్దున ఒక ఫిల్టర్ కాఫీ, పదకొండుకు ఇంకొకటి, అంతే. దానికి మించితే రాత్రి నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడు ఇంకో రకం నొప్పి.

ఆ ఇంకో రకం గురించి ఎక్కువ రాయాలి. నా తలనొప్పుల్లో పెద్ద వాటా దానిదే, అయినా పేరు తెలియడానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. పైపు ఉన్న తలకు వచ్చేదేదైనా పైపు వల్లే అని మేమూ అనుకున్నాం, చూసిన డాక్టర్లూ అనుకున్నారు. పైపు బాగుందని తేలితే ఇంక నొప్పే లేదన్నట్టు మాట్లాడేవారు. మధ్యలో మిగిలిన ఈ నొప్పి ఎవరిదీ కాదు. సర్జన్ గారే ఒకరోజు "నా పని పైపు చూడటం. ఇది న్యూరాలజిస్టు చూడాలి" అని చీటీ రాసిచ్చారు. నాకు జరిగిన మేళ్ళలో పెద్దది ఆ చీటీ.

న్యూరాలజిస్టు ఆవిడ స్కాన్ల కవరు పక్కన పెట్టి ముందు ప్రశ్నలు వేశారు. నొప్పి ఒకవైపా, రెండువైపులా? పోటులా ఉంటుందా, బిగించినట్టా? వెలుతురు పడదా? వాసనలు? నెలసరికి ముందు వస్తుందా? మీ అమ్మకు ఉందా? నేను ఆగిపోయాను. మా అమ్మకు చిన్నప్పట్నుంచి నెలకోసారి "ఒంటి తలనొప్పి" వచ్చేది. చీకటి గదిలో తడిగుడ్డ కట్టుకుని పడుకుంటే మమ్మల్ని గట్టిగా మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. మైగ్రేన్ అనే మాట మా పల్లెలో ఎవరికీ తెలియదు. నాకు టీబీ రాకపోయినా, పైపు వేయకపోయినా ఈ నొప్పి వచ్చి ఉండేదేమో.

తర్వాత ఆవిడ మాత్రల లెక్క అడిగారు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, లేదా రెండు మూడు మందులు కలిసిన మాత్రలు 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వేసుకుంటూ పోతే, ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెస్తాయట. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే పట్టీల్లో చాలావరకు కలిసినవే. మాకు వీధి చివర షాపు అబ్బాయి "అక్కా, స్ట్రాంగ్‌ది ఇమ్మంటావా" అని అడిగి మరీ ఇచ్చేవాడు. ఆవిడ వాటిని ఆపించి, రాత్రిపూట చిన్న డోసు అమిట్రిప్టిలిన్ రాశారు. అది నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాదు, రాకుండా రోజూ వేసుకునేది. పనిచేయడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఆపిన మొదటి రెండు వారాలు నరకం. నొప్పి రెట్టింపైంది, చేతికందే దూరంలో మాత్ర ఉంది, వేసుకోకూడదు. అత్త ఆ డబ్బా తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. నోరు ఎండిపోవడం, పొద్దున బద్ధకం ఉండేవి, అవి మెల్లగా తగ్గాయి. మూడో నెలకు వచ్చేసరికి వరసగా కొన్ని రోజులు ఏ నొప్పీ లేకుండా గడిచాయి. ఆ తేడా ముందు మా పాపే పసిగట్టింది, "అమ్మ ఈమధ్య లైటు తియ్యమనడం లేదు" అని.

ఆవిడ చెప్పిన ఇంకో పని, రాసి పెట్టుకోవడం. బడిలో మిగిలిన రికార్డు పుస్తకం తీసుకున్నాను. లేచేటప్పుడు ఉందా, నిలబడితేనా, పడుకుంటేనా, ఏం తిన్నాను, ఎండలో పోయానా, నిద్ర, నెలసరి, మాత్ర వేశానా. రోజుకు రెండు నిమిషాలు. దీనివల్ల నాకు తెలిసిన విషయాలు కొన్ని నవ్వు తెప్పిస్తాయి. శనివారం ఒక్కపొద్దు ఉన్న ప్రతిసారీ ఆదివారం నొప్పి. బిగించి జడ వేసుకున్న రోజు సాయంత్రం వాల్వు చుట్టూ సలుపు. పేపర్లు దిద్దే వారం మెడ పట్టేసి, అక్కణ్ణుంచి తల వెనక్కి ఎక్కే నొప్పి. మలబద్ధకం ఉన్న రోజుల్లో కూడా తల బరువు. ఇది వింతగా అనిపించింది గానీ కారణం ఉంది, కడుపులో ఒత్తిడి పెరిగితే పైపు సరిగ్గా దిగదు. అప్పట్నుంచి రాత్రికి అన్నం మానేసి రాగిసంగటి, ఆకుకూర. మా అత్తకు ఇది చెబితే "నేను ముందే చెప్పలా" అంది. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

దిష్టి తీయడాలు, తాయెత్తులు కూడా జరిగాయి. నేను అడ్డం చెప్పలేదు. సీటీ స్కాన్ కన్నా వాటితో నష్టం తక్కువ.

మొక్కు సంగతి మాత్రం పెద్ద పంచాయితీ అయింది. నేను ఆసుపత్రిలో ఉండగా అమ్మ కొండకు మొక్కుకుంది, నా తలనొప్పి పూర్తిగా పోతే నాకు గుండు చేయిస్తానని. నొప్పి పూర్తిగా పోలేదు. మరి మొక్కు తీర్చాలా వద్దా? నాయన తీర్చే అవసరం లేదన్నాడు. అత్త ఆసుపత్రిలో ఎటూ సగం గొరిగారు కాబట్టి అదే చెల్లిందంది. అమ్మ ఒప్పుకోలేదు. "ఆ వెంట్రుకలు చెత్తలో పోయినాయి, కల్యాణకట్టలో పోలేదు" అంది. చివరికి తనే తేల్చింది: "బతికి బిడ్డను ఎత్తుకుంటా ఉండావు. సామికి అది చాలదా? లెక్కలు నేను అడగను."

నేను సర్జన్ గారిని అడిగాను. ఆయన కొత్తవాడు కాదు, తిరుపతిలో ఈ ప్రశ్న ఎందరు అడిగి ఉంటారో. వాల్వు మీద చర్మం పలచగా ఉంటుంది, కత్తి తెగితే అక్కణ్ణుంచి క్రిములు పైపుకు పాకే ప్రమాదం ఉంది, గుండు వద్దు, కత్తెరతో కత్తిరించుకోండి అన్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కొచ్చా అంటే, ఎత్తు వల్ల పైపుకు ఏమీ కాదు, ఎండలో ఎక్కొద్దు, నీళ్ళు తాగుతూ ఎక్కమన్నారు. తెల్లవారక ముందే మొదలుపెట్టాం. గాలిగోపురం దాటేసరికి నాకు తల కాదు, మోకాళ్ళు నొప్పి. ఎంత సంతోషమేసిందో! కల్యాణకట్టలో అమ్మ గుండు చేయించుకుంది, నేను మూడు కత్తెర్లు ఇచ్చాను. కత్తెర పట్టిన ఆమె చెవి వెనక చేయి తగిలి "ఇదేంది తల్లీ?" అంది. చెప్పాను. "మా చెల్లెలి కొడుక్కీ ఉండాది" అని ఆ పక్క ముట్టుకోకుండా ఎడమ వైపు మూడు పాయలు తీసింది.

మే నెల తిరుపతిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండ, దానికి తోడు గంగజాతర. మా వీధుల్లో వారం పాటు డప్పులు. వేషాలు చూడటం నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి, మాతంగి వేషం రోజు ఎవరాపినా ఆగను. ఆ రాత్రి మైగ్రేన్ వస్తుందనీ తెలుసు. ముందే తినేసి, నీళ్ళు తాగి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళతాను. వస్తే వస్తుంది. వచ్చినప్పుడు అది ఏ రకమో చూసుకుంటాను: చీకటి కావాలనిపిస్తోందా, ఒకవైపేనా, మత్తు లేదు కదా. సరే, మైగ్రేనే. మాత్ర వేసుకుని పడుకుంటాను. ఆటో పిలవడం లేదు.

చిన్న చిన్నవి కొన్ని. హెల్మెట్ కొనేటప్పుడు వాల్వు మీద నొక్కుతుందా లేదా అని షాపులోనే పెట్టి చూసుకున్నాను, ఒక సైజు పెద్దది తీసుకున్నాను. కుడివైపు తిరిగి పడుకుంటే పొద్దున ఆ చోట నొప్పి, అందుకే ఎడమవైపే. నాది మార్చలేని రకం వాల్వు కాబట్టి ఎమ్మారైకి ఇబ్బంది లేదు. అయస్కాంతంతో మార్చే రకం ఉన్నవాళ్ళు మాత్రం ఎమ్మారై అయ్యాక సెట్టింగ్ మారిందేమో చూపించుకోవాలి, అయస్కాంతం ఉన్న ఫోన్లు, హెడ్‌ఫోన్లు చెవి వెనకకు ఆనించకూడదు. నాకు తలనొప్పి లేకుండా ఉత్త జ్వరమే వస్తే ఊరికే యాంటీబయాటిక్ వేసుకోను, ముందు సర్జన్ గారి దగ్గర ఫోన్‌లో అడుగుతాను. ఇన్‌ఫెక్షన్ భయం ఆపరేషన్ తర్వాతి మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ, అయినా అడగడంలో పోయేదేముంది. ఇక బ్యాగులో ఒక కాగితం ఉంటుంది: ఏ రకం షంట్, ఏ తేదీన వేశారు, ఎప్పుడు మార్చారు, ఎవరికి ఫోన్ చెయ్యాలి. నేను బాగున్నప్పుడు తీసిన సీటీ సీడీ ఇంట్లో ఒకటి, మా ఆయన ఆఫీసులో ఒకటి. బాగున్నప్పటి స్కాన్ పక్కన లేకపోతే కొత్త స్కాన్ చూసి ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేడు. క్యాజువాలిటీలో గ్యాస్ట్రిక్ అంటే ఈసారి ఆ సీడీ బల్ల మీద పెట్టి, "గదులు పోల్చి చూడండి సార్" అని అడుగుతాడు మా ఆయన.

పుత్తూరు నుంచి మా బడి ఆయమ్మ బంధువు ఒకామె ఈమధ్య ఫోన్ చేసింది. ఎనిమిది నెలల బాబుకు పైపు వేశారట. "అక్కా, వాడు నొప్పి అని చెప్పలేడు గదా, ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది. దానికి నా అనుభవం పనికిరాదు. మాడు ఉబ్బుతోందా, పాలు కక్కుతున్నాడా, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు నిద్రపోతున్నాడా, కళ్ళు కిందికి వాలిపోతున్నాయా చూడమని డాక్టర్లు చెప్పేదే చెప్పాను. తల కొలత రాసుకోమన్నాను. ఆమె రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత "నీకు ఇంకా నొప్పి వస్తా ఉంటుందా అక్కా?" అంది. వస్తుందన్నాను. నెలలో నాలుగైదు రోజులు, ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ. కానీ బడికి పోతున్నాను, వండుతున్నాను, ఈ ఏడాది సైన్స్ ఫెయిర్‌కు పిల్లల్ని చిత్తూరు తీసుకుపోయాను అని చెప్పాను.

పోయినసారి న్యూరాలజిస్టు ఆవిడ పుస్తకం తిరగేసి, రాత్రి మాత్ర సగానికి తగ్గించి చూద్దామా అన్నారు. ఎండలు పోయి వానలు పడనివ్వండి మేడం, అప్పుడు చూద్దాం అన్నాను. ఆవిడ నవ్వి పాత డోసే రాసి, ఈలోగా ఒకసారి కళ్ళ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు.